సగం వాక్యం, సగం సాక్ష్యం: న్యాయాధిపతులు 19వ అధ్యాయం వెలుగులో గృహహింస, సంఘ కాపరత్వం

ఉపోద్ఘాతం

న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం మన ఆరాధనలలో అరుదుగా వినిపించే వాక్యభాగం. ఎప్పుడైనా చదివినా గిబియా పట్టణస్థుల దుర్మార్గాన్ని గురించీ, రాజు లేని కాలంలో ఇశ్రాయేలు పడిపోయిన స్థితిని గురించీ చెప్పి ముగిస్తాం. ఆ రాత్రికి ముందు ఏమి జరిగిందో అంతగా పట్టించుకోం. ఆ స్త్రీ గిబియాకు వెళ్లాలని బయలుదేరలేదు. పుట్టింటి నుండి భర్త ఇంటికి తిరిగి వెళ్తుండగా గిబియా దారిలో వచ్చింది. ఆమెను ఆ దారిన పంపినవాడు దుర్మార్గుడు కాడు, అల్లుణ్ణి మర్యాదగా చూసుకున్న తండ్రి.

ఈ విషయాన్ని ఆధారం చేసుకొని ప్రస్తుత వ్యాసం ఒకే వాదాన్ని పాఠకుల ముందు ఉంచుతుంది. గృహహింసకు గురైన స్త్రీ సంఘం దగ్గరకు వచ్చినప్పుడు మనం ఆమెకు వినిపించేవి తరచుగా సగం వాక్యాలు. ఆమె కాపురాన్ని గురించి మనం వినేది సగం సాక్ష్యం. ఈ రెండు సగాలను ఆధారం చేసుకొని ఆమెను తిరిగి పంపుతున్నాం. వాక్యాన్ని పూర్తిగా చదివి, సాక్ష్యాన్ని పూర్తిగా వింటే కాపరి చేయవలసిన పని వేరుగా ఉంటుంది.

1. బేత్లెహేములో ఐదు రోజులు

ఎఫ్రాయిము మన్యంలో నివసించే ఒక లేవీయుడు యూదా బేత్లెహేము నుండి ఒక స్త్రీని ఉపపత్నిగా తెచ్చుకున్నాడు. ఉపపత్ని అనే మాటను బట్టి ఆమె భార్య కాదని కొట్టివేయడానికి వీలులేదు. ఆమె స్థానం భార్య స్థానం కంటే తక్కువదే. అయినా వాక్యభాగం అతణ్ణి ఆమె భర్త అనీ, ఆమె తండ్రిని అతని మామ అనీ, అతణ్ణి అల్లుడు అనీ పిలుస్తుంది. కనుక ఇది ఒక కాపురం కథ.

ఆమె ఇల్లు ఎందుకు విడిచింది? ఇక్కడ ప్రాచీన ప్రతులు ఏకీభవించవు. హెబ్రీ పాఠం ఆమె వ్యభిచరించిందని చెబుతుంది. మన తెలుగు అనువాదం దానినే అనుసరించింది. గ్రీకు సెప్టువజింట్‌కు చెందిన అలెగ్జాండ్రియా ప్రతి మాత్రం ఆమె అతని మీద కోపించి వెళ్లిపోయిందని చెబుతుంది. ఈ పాఠభేదాన్ని పండితులు పలు విధాలుగా వివరించారు. అయితే ఆమె నేరుగా తండ్రి ఇంటికి వెళ్లి నాలుగు నెలలు అక్కడే ఉండటం, చివరకు భర్తే ఆమెను ఒప్పించి తెచ్చుకోవడానికి రావడం గమనిస్తే తప్పంతా ఆమెదేనని తేల్చడం కష్టం. భార్య ఇల్లు విడిచి వచ్చిందనగానే ముందుగా ఆమె నడవడిని అనుమానించడం మన సమాజానికీ కొత్త కాదు.

హెబ్రీ నుడికారం ప్రకారం, లేవీయుడు ఆమె హృదయంతో మాట్లాడటానికి బయలుదేరాడు (19:3). కానీ బేత్లెహేములో అతడు ఆమెతో మాట్లాడిన మాట ఒక్కటి కూడా గ్రంథకర్త రాయలేదు. మామా అల్లుళ్లు మూడు రోజులు కలిసి తిని తాగారు. నాలుగో రోజు వెళ్లబోతే మామ ఆపాడు, ఐదో రోజూ ఆపబోయాడు. ఇన్ని రోజులలో తండ్రి కూతురిని పిలిచి ఎందుకు వచ్చావని గాని, తిరిగి వెళ్లడం నీకు ఇష్టమేనా అని గాని అడిగినట్లు లేదు. తల్లి ప్రస్తావన అసలే లేదు. ఐదో రోజు పొద్దు వాలాక, ప్రయాణమైన వారి వివరాలు చెప్పేటప్పుడు జీను కట్టిన రెండు గాడిదల తరువాత ఆమె కనబడుతుంది (19:10).

అతడు ఆమెతో పలికినట్లు గ్రంథంలో ఉన్న మాట ఒకే ఒక్కటి. గిబియాలో రాత్రంతా చెరచబడి, తెల్లవారేసరికి గడప మీద చేతులు వేసి పడివున్న ఆమెను లేచి పోదాం రమ్మన్నాడు (19:28). జవాబు రాలేదు.

అమెరికాకు చెందిన పాత నిబంధన పండితురాలు ఫిలిస్ ట్రిబుల్ 1984లో ప్రచురించిన 'టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్' అనే గ్రంథంలో హాగరు, తామారు, యెఫ్తా కుమార్తె కథలతో పాటు ఈ కథనూ పరిశీలించింది. ఈ స్త్రీకి పేరు గాని, మాట గాని, తన మీద తనకు అధికారం గాని లేకపోవడాన్ని వాక్య నిర్మాణం నుండే చూపించింది. ఆ పఠనానికి మనమందరం రుణపడి ఉన్నాం. అయితే తెలుగు పాఠకునికి ఆ ఐదు రోజులు మరింత దగ్గరగా తగులుతాయి. ఇంటికి వచ్చిన అల్లునికి మర్యాద చేయడం, పెద్దలు కూర్చుని మాట్లాడటం, అందరూ కలిసి భోజనం చేయడం, చివరకు కూతురిని సాగనంపడం మనకు తెలిసిన క్రమమే. దానినే రాజీ అంటాం. బేత్లెహేములో జరిగినది కూడా రాజీయే. ఎవరి విషయంలో రాజీ జరిగిందో ఆమె మాట్లాడకుండానే అది ముగిసింది.

2. గృహహింస స్వరూపం, దాని ప్రభావం

గృహహింస అనగానే దెబ్బలు మాత్రమే గుర్తుకు వస్తాయి. పార్లమెంటు 2005లో ఆమోదించిన గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. అది శారీరక హింసతో పాటు లైంగిక హింసను, మాటలతోను మానసికంగాను చేసే హింసను, ఆర్థిక హింసను కూడా గృహహింసగానే నిర్వచించింది. జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, కట్నం కోసం వేధించడం, ఆడపిల్లను కన్నదని అవమానించడం ఈ నిర్వచనంలోకి వస్తాయి. వీటన్నిటి వెనుక ఉన్నది ఒక మనిషిని భయంలో ఉంచి అదుపు చేయాలనే ఉద్దేశం. దీనిని క్షణికావేశంగా మాత్రమే చూస్తే అసలు రోగాన్ని గుర్తించలేం.

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుండి 49 సంవత్సరాల మధ్య వయసున్న, వివాహమైన స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎప్పుడైనా అనుభవించినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద ఇది 29.3 శాతం. అదే సర్వేలో మరొక అంకె మరింత కలవరపెడుతుంది. అత్తమామలను గౌరవించకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం వంటి ఏడు కారణాలలో కనీసం ఒకదానికి భర్త భార్యను కొట్టడం సబబేనని చెప్పిన స్త్రీలు ఈ రెండు రాష్ట్రాలలోనూ 80 శాతానికి పైగా ఉన్నారు. అంటే దెబ్బ తిన్న స్త్రీ మన దగ్గరకు వచ్చేటప్పటికే తప్పు తనదేనన్న తీర్పును మోసుకొని వస్తుంది. దానిపైన వాక్యం పేరుతో మరొక తీర్పు మోపితే ఆమె ఇక నోరు తెరవదు.

హింస ప్రభావం గాయాలతో ఆగదు. నిద్రలేమి, ఎడతెగని భయం, మానసిక కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయి. గర్భిణి విషయంలో గర్భస్రావం, తక్కువ బరువుతో శిశువు పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. పిల్లలు చూడలేదనీ, నిద్రపోయారనీ పెద్దలు అనుకుంటారు. పక్క గదిలో దుప్పటి కప్పుకొని వారు అంతా వింటూనే ఉంటారు. బడిలో వెనుకబడటం, పక్క తడపడం, తగవులకు దిగడం, ఎవరితోనూ కలవకపోవడం వారిలో కనబడవచ్చు. అలా పెరిగిన కొడుకులందరూ కొట్టేవారు అవుతారని గాని, కూతుళ్లందరూ భరించేవారు అవుతారని గాని చెప్పలేం. అయితే ఆ ప్రమాదం ఎక్కువవుతుందని పరిశోధనలు చూపుతున్నాయి.

అమెరికన్ మనస్తత్వవేత్త లెనోర్ వాకర్ 1979లో ఈ హింసకు ఒక చక్రాన్ని వివరించింది. మొదట ఇంట్లో బిగువు పెరుగుతుంది, తరువాత దెబ్బలు పడతాయి, ఆ తరువాత క్షమాపణలు, కన్నీళ్లు, ప్రేమ వస్తాయి. కొంతకాలానికి బిగువు మళ్లీ మొదలవుతుంది. ప్రతి కాపురం ఈ క్రమంలోనే నడుస్తుందని అనలేం. కానీ కాపరులకు ఇది ఎంతో ఉపయోగపడే హెచ్చరిక. ఎందుకంటే సాధారణంగా భర్త మన ముందుకు వచ్చేది మూడవ దశలోనే. మోకాళ్ల మీద ఏడుస్తున్న మనిషిని చూసి మారుమనస్సు కలిగిందనుకుంటాం. ప్రియంగా మాట్లాడాలని బేత్లెహేముకు బయలుదేరిన లేవీయుని చూసి ఆ మామ కూడా సంతోషించాడు.

మద్యపానం హింసను పెంచుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరు 1 నుండి అమలైన సారా నిషేధం దీనికి సాక్ష్యం. ఇంటి గొడవ అని అందరూ కొట్టివేసిన దానిని ఆ స్త్రీలు ఊరి సమస్యగా నిలబెట్టారు. అయినా తాగుడే మూలకారణం అనడం సరికాదు. తాగకుండా కొట్టేవారు ఉన్నారు. తాగినవాడు కూడా తన పై అధికారి మీద చేయి ఎత్తడు, భార్య మీదనే ఎత్తుతాడు. తాగుడు మాన్పిస్తే అంతా చక్కబడుతుందని కాపరి మాట ఇవ్వకూడదు.

3. మనం సగం చదివే వాక్యాలు

(అ) మలాకీ 2:16. భార్య వేరుగా ఉండాలనుకున్నప్పుడు ఆమెకు మొదట వినిపించేది ఈ వచనమే. దేవునికి పరిత్యాగం అసహ్యమని చెప్పి అక్కడితో ఆపుతాం. వచనం అక్కడ ఆగదు. బలాత్కారాన్ని వస్త్రంలా కప్పుకొన్న మనుష్యుని గురించి అదే ఊపిరిలో మాట్లాడుతుంది. హెబ్రీలో అక్కడ ఉన్న మాట 'హామాస్'. జలప్రళయానికి ముందు భూమి నిండిపోయిన బలాత్కారానికి ఆదికాండము 6:11లో వాడినదీ ఈ మాటే. పైగా 14వ వచనం నుండి ప్రవక్త గద్దిస్తున్నది యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసిన పురుషులను. వచనం మొదటి భాగంలోని హెబ్రీ వ్యాకరణం కూడా క్లిష్టమైనదే. ద్వేషించి భార్యను విడిచిపెట్టే పురుషుణ్ణి గురించి చెప్పిన మాటగా దానిని అనువదించినవారు ఉన్నారు. పురుషులకు చెప్పిన గద్దింపును స్త్రీకి అప్పగించి, బలాత్కారాన్ని గురించిన సగాన్ని విడిచిపెట్టడం వ్యాఖ్యానం అనిపించుకోదు.

(ఆ) ఎఫెసీయులకు 5:22. భార్య లోబడాలనే మాట ఇక్కడ మొదలుకాదు. అంతకు ముందు వచనంలోనే విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడాలని పౌలు రాశాడు. మూడవ శతాబ్దం నాటిదిగా భావించే 46వ పపైరస్ ప్రతిలోను, వాటికన్ ప్రతిలోను 22వ వచనానికి సొంత క్రియ లేదు. 21వ వచనంలోని క్రియనే అది అరువు తెచ్చుకుంటుంది. 21ని విడిచి 22 నుండి చదవడం అంటే వాక్యాన్ని మధ్యలో నరకడమే. భార్యలకు మూడు వచనాలు రాసిన పౌలు భర్తలతో 25 నుండి 33 వరకు మాట్లాడాడు. వారికి చూపిన మాదిరి తన్ను తాను అప్పగించుకున్న క్రీస్తు. ఈ గృహనియమాలు పురుషాధిక్యం గల రోమా సమాజంలో పుట్టినవే, ఆ ముద్ర వాటి మీద ఉంది. అయినా దెబ్బకు ఈ వాక్యభాగంలో ఎక్కడా చోటు లేదు. తన సొంత శరీరాన్ని ఎవడూ ద్వేషించడన్నది పౌలు వాదానికి ఆధారం.

(ఇ) 1 పేతురు 3:1–7. అవిశ్వాసియైన భర్తను మౌన ప్రవర్తనతో రాబట్టుకోమనే సలహా ఇక్కడి నుండే వస్తుంది. పేతురు మాట్లాడుతున్నది భర్త విశ్వాసి కాని స్థితిని గురించి. కొట్టే భర్తను ఓర్చుకోవాలని ఆ వచనంలో లేదు. ఏడవ వచనానికి వచ్చేసరికి భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకే అడ్డు కలుగుతుందని పేతురు హెచ్చరించాడు. భార్యకు మొదటి వచనాన్ని ఎన్నిసార్లు బోధించామో, భర్తకు ఏడవ వచనాన్ని అన్నిసార్లు బోధించామా?

(ఈ) మత్తయి 18:21–22. డెబ్బది ఏళ్ల మారులు క్షమించమన్న మాట అదే అధ్యాయంలో 15 నుండి 17 వరకు ఉన్న వచనాల తరువాత వస్తుంది. అక్కడ తప్పు చేసినవానిని గద్దించడం, సాక్షులను తీసుకువెళ్లడం, సంఘానికి తెలియజేయడం, వినకపోతే వెలిగా ఎంచడం ఉన్నాయి. అయితే ఈ క్రమాన్ని కూడా యాంత్రికంగా వాడకూడదు. ఒంటరిగా వెళ్లి గద్దించమని దెబ్బలు తిన్న స్త్రీకే చెప్పడం ఆమె ప్రాణానికి ప్రమాదం. ఆ పని సంఘానిది. క్షమించడం వేరు, తిరిగి అదే గదిలోకి వెళ్లడం వేరు.

ఈ నాలుగు వచనాలతో పాటు మనం మరచిపోయే ఒక కథ ఉంది. నాబాలు మోటువాడు, అతనితో ఎవరూ మాట్లాడలేరని అతని పనివారే చెప్పారు. అబీగయీలు భర్తకు చెప్పకుండానే బయలుదేరి ఇంటివారి ప్రాణాలు కాపాడింది (1 సమూయేలు 25:17–19). వాక్యం ఆమెను ఆ పనిని బట్టి గద్దించలేదు, బుద్ధిమంతురాలని మెచ్చుకుంది. పౌలు కూడా భార్య భర్తను ఎడబాయకూడదని రాస్తూనే, ఎడబాసిన స్త్రీ ఉండవచ్చునని ఒప్పుకొని, ఆమె అలాగే ఉండటానికి చోటు విడిచాడు (1 కొరింథీయులకు 7:10–11). ప్రమాదం నుండి తొలగిపోవడాన్ని అవిధేయతగా లెక్కించే అధికారం మనకు ఎవరు ఇచ్చారు?

4. మిస్పాలో సగం సాక్ష్యం

కథ గిబియాలో ముగియదు. లేవీయుడు ఆమె శరీరాన్ని పన్నెండు ముక్కలు చేసి ఇశ్రాయేలు సరిహద్దులన్నిటికీ పంపాడు. మిస్పాలో జనులందరూ సమావేశమై ఏమి జరిగిందో చెప్పమన్నారు. అతడు చెప్పింది అబద్ధమని అనలేం. గిబియావారు తనను చంపాలని చూశారనీ, తన ఉపపత్నిని చెరిచారనీ, ఆమె చనిపోయిందనీ చెప్పాడు (20:4–5). ఆమెను పట్టుకొని బయట ఉన్నవారి దగ్గరకు తెచ్చినది తానేనన్న మాట మాత్రం చెప్పలేదు (19:25). తెల్లవారి గడప మీద ఆమెను ఏ స్థితిలో చూశాడో చెప్పలేదు. ఎవరూ అడగలేదు. హెబ్రీ పాఠంలో ఆ గడప దగ్గర ఆమె చనిపోయిందనే మాట కూడా లేదు, ఆ మాటను చేర్చింది గ్రీకు అనువాదం. ఆమె ఎప్పుడు చనిపోయిందనే ప్రశ్న మిస్పాలో రాలేదు.

ఆ సగం సాక్ష్యం మీద యుద్ధం జరిగింది. బెన్యామీను గోత్రం నశించే స్థితికి వచ్చింది. మిగిలినవారికి భార్యలు కావాలని యాబేష్గిలాదును హతం చేసి 400 మంది కన్యలను తెచ్చారు. వారు చాలకపోతే షిలోహు కుమార్తెలను ఎత్తుకుపోనిచ్చారు. ఒక స్త్రీ మీద జరిగిన హింసకు తీర్పు తీర్చబోయి వందలాది స్త్రీలను బలాత్కారానికి అప్పగించారు. పూర్తిగా విననివారు చేసే న్యాయం ఎలా ఉంటుందో గ్రంథకర్త ఇక్కడ చూపించాడు.

మన సంఘాలలో ఇటువంటి విచారణకు కూర్చునేవారు ఎక్కువగా పురుషులు, భర్తతో కలిసి సంఘ పనులు చేసినవారు. భార్య మాట్లాడవలసింది ఆ భర్త ఎదుటే. అంతమంది ముందు పడకగదిలో జరిగినది చెప్పలేక ఆమె తల దించుకుంటే ఆ మౌనాన్ని సమ్మతిగా రాసుకుంటాం. తప్పుడు ఆరోపణలు కూడా ఉంటాయి కదా అని కొందరు అడుగుతారు. ఉండవచ్చు. అందుకే ఇద్దరినీ వినాలి, వేరువేరుగా వినాలి. ఆమెను ఆ రాత్రికి భద్రమైన చోట ఉంచినంత మాత్రాన భర్త దోషి అని తీర్పు తీర్చినట్లు కాదు.

5. కాపరి చేయదగినవి

మొదటిది, ఆమెను ఒంటరిగా, లేదా ఆమె నమ్మిన ఒక స్త్రీ సమక్షంలో వినాలి. హింస ఉన్న చోట దంపతులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉపదేశించకూడదు. ఆమె ఇక్కడ చెప్పిన ప్రతి మాటకు ఇంటికి వెళ్లాక మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఆమె చెప్పినది ఆమె అనుమతి లేకుండా భర్తకు గాని, ప్రార్థన అంశంగా సంఘానికి గాని తెలియనివ్వకూడదు.

రెండవది, కాపురం నిలుస్తుందా అనే ప్రశ్న కంటే ముందు ఈ రాత్రి ఆమె, పిల్లలు ఎక్కడ క్షేమంగా ఉంటారు అనే ప్రశ్న అడగాలి. విడిపోవాలనుకునే సమయంలోను, విడిపోయిన కొద్ది కాలంలోను ప్రమాదం పెరుగుతుంది. అందుచేత తొందరపెట్టి పంపడం ఎంత తప్పో, ఏ ఏర్పాటూ లేకుండా బయటకు రమ్మనడం అంత తప్పు.

మూడవది, చట్టాన్ని ఆమెకు తెలియజేయాలి. 2005 చట్టం అన్ని మతాల స్త్రీలకు వర్తిస్తుంది. ఆమె మేజిస్ట్రేటు దగ్గర రక్షణ ఉత్తర్వులు, కాపురమున్న ఇంటిలో నివసించే హక్కు, జీవన వ్యయం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోరవచ్చు. రక్షణాధికారి ఆమెకు సహాయం చేస్తారు. భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఎ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు వచ్చాయి. మహిళల సహాయవాణి 181, అత్యవసర సహాయం 112, సఖి కేంద్రాల వివరాలు ప్రతి సంఘ కార్యాలయంలో ఉండాలి. 1869 నాటి భారత విడాకుల చట్టం క్రింద క్రైస్తవ భార్యకు క్రూరత్వం ఒక్కటే విడాకులకు చాలేది కాదు, దానికి వ్యభిచారం కూడా తోడు కావలసి వచ్చేది. భర్తకు మాత్రం భార్య వ్యభిచారం ఒక్కటే చాలేది. 2001 సవరణతో ఆ తేడా తొలగింది. 132 సంవత్సరాలు మన స్త్రీల బాధను సగంగానే లెక్కించిన చట్టం మారింది. మన బోధ మారిందా అన్నది వేరే ప్రశ్న.

నాలుగవది, మారుమనస్సును కన్నీళ్లతో కొలవకూడదు. జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. హింస చేసిన భర్త తాను చేసినదానిని సాకులు లేకుండా ఒప్పుకోవాలి. భార్య వేరుగా ఉన్నా ఖర్చులు భరించాలి. ఆమె గడువు విధించినా సణగకుండా ఉండాలి. నెలలు గడిచాక కూడా ఇవి నిలిస్తే అప్పుడు ఫలం అనవచ్చు. తిరిగి కలవాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది.

అయిదవది, అన్నిటికంటే కష్టమైనది. అధ్యక్షుడు కొట్టువాడై ఉండకూడదని 1 తిమోతి 3:3, తీతు 1:7 చెబుతున్నాయి. అభ్యర్థి మద్యపానాన్ని గురించి, అప్పులను గురించి విచారించే అభిషేక కమిటీలు ఈ అర్హతను గురించి అడగడం అరుదు. సంఘ స్త్రీ కష్టం వస్తే కాపరి దగ్గరకు వస్తుంది. కాపరి ఇంట్లోనే హింస ఉంటే అతని భార్య ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఆమె నోరు తెరిస్తే ఇల్లు, జీతం, పరిచర్య, పిల్లల చదువు అన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆమె నిర్భయంగా చెప్పుకోగల ఒక స్థలాన్ని, ఆమె భర్త అధికారానికి బయట, ప్రతి సంఘ వ్యవస్థ ఏర్పాటు చేయాలి. వేదాంత కళాశాలలలో కూడా ఈ అంశాన్ని కాపరత్వ పాఠ్యాంశాలలో చేర్చవలసి ఉంది. చివరి సంవత్సరంలో ఒక్క ఉపన్యాసంతో ముగించే విషయం కాదు ఇది.

ముగింపు

న్యాయాధిపతుల గ్రంథం చివరి వచనం ఆ కాలపు చెడుగుకు రాజు లేకపోవడాన్ని జతచేసింది. ఆ వివరణ అవసరమే, కానీ దానితో తృప్తిపడితే బేత్లెహేము తండ్రికి బాధ్యత లేకుండా పోతుంది. అతనికి రాజు అవసరం లేదు. ఐదు రోజులలో ఒక్క పూట భోజనం మధ్యలో లేచి, కూతురు దగ్గర కూర్చుని ఒక ప్రశ్న అడిగితే సరిపోయేది. 19వ అధ్యాయం 30వ వచనం, జరిగినదాన్ని ఆలోచించి మాట్లాడమని ఇశ్రాయేలును పిలిచింది. మాట్లాడవలసిందనే ఆ పిలుపు ఈనాడు మన సంఘ పెద్దలకూ, కాపరులకూ వర్తిస్తుంది. వచ్చే ఆదివారం ఎఫెసీ 5వ అధ్యాయం ప్రసంగించేవారు 21వ వచనం నుండి మొదలుపెట్టాలి. ఈ వారం ఒక స్త్రీ తలుపు తట్టితే మనం నోరు తెరవకముందు ఆమెను చివరి వరకు మాట్లాడనివ్వాలి.